పక్కన పెట్టాల్సిన మంచి పని

ఉగాది నాడో పుట్టినరోజు నాడో కాగితం ముందేసుకుని లక్ష్యాలు రాసుకునేవాళ్ళు మన చుట్టూ చాలామందే ఉంటారు. గ్రూప్స్ రాయాలి. ఇంటి మీది అప్పు తీర్చాలి. చెల్లి పెళ్ళి చేయాలి. ఇంగ్లీషు బాగుచేసుకోవాలి. ఒంట్లో బరువు తగ్గించాలి. నాన్న కొబ్బరితోటలో కోకో వేయాలి. వీలైతే వైజాగ్‌లో చిన్న ఫ్లాటు. ఇందులో చెడ్డది ఒక్కటీ లేదు. చిక్కంతా అక్కడే. చెడ్డపని మానమని చెప్పడానికి అమ్మానాన్నలున్నారు, మాస్టార్లున్నారు, పురాణాలున్నాయి. ఫలానా మంచిపనిని ఈ రెండేళ్ళూ పక్కన పెట్టమని చెప్పేవాళ్ళు మాత్రం దొరకరు. చెబితే ఎవరికో ఒకరికి కష్టం కలుగుతుంది కాబట్టి అందరూ ఊరుకుంటారు. ఈ అధ్యాయం ఆ మాట చెప్పడానికే రాస్తున్నాను.

మీ మొదటి లక్ష్యం ఏదో మీ జాబితా చెప్పదు. దాని కోసం మీరు ఏ మంచిపనిని ఆపారో అది చెబుతుంది. ఇంతవరకు ఏదీ ఆపలేదంటే మీకు కోరికలున్నాయి, వాటిలో మొదటిదేదో ఇంకా తేలలేదు.

అమలాపురం కుర్రాడి సంగతి తీసుకుందాం. 2021 జనవరిలో బ్యాంకాక్‌లో టొయోటా థాయ్‌లాండ్ ఓపెన్ జరిగింది. సూపర్ 1000 స్థాయి టోర్నీ, అంటే బ్యాడ్మింటన్ సర్క్యూట్‌లో పెద్ద మెట్టు. అందులో సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి రెండు విభాగాల్లో సెమీఫైనల్ దాకా వెళ్ళాడు. చిరాగ్ శెట్టితో కలిసి పురుషుల డబుల్స్‌లో, అశ్విని పొన్నప్పతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో. అప్పటికి అతని వయసు ఇరవయ్యే. అంతకు మూడేళ్ళ ముందు, 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లోనూ రెండు విభాగాలూ ఆడాడు. పురుషుల డబుల్స్‌లో రజతం వచ్చింది, మిక్స్‌డ్‌లో నాలుగో స్థానం. ఇలాంటి కుర్రాడితో ఎవరైనా ఏమంటారు? రెండూ బాగా ఆడుతున్నావు, రెండూ ఆడు అంటారు. నేనైనా అదే అనేవాణ్ణేమో.

ఆ ఏడాది జులైలో టోక్యో ఒలింపిక్స్. సాత్విక్, చిరాగ్ గ్రూపులో మూడు మ్యాచ్‌లు ఆడి రెండు గెలిచారు. వాళ్ళ చేతిలో ఓడిన తైవాన్ జోడీ లీ యాంగ్, వాంగ్ చి లిన్ ఆ తర్వాత ఏకంగా స్వర్ణమే గెలుచుకుంది. అయినా గెలిచిన గేముల లెక్కలో వెనకబడి మనవాళ్ళు క్వార్టర్‌ఫైనల్‌కి చేరలేకపోయారు. బంగారు పతకం గెలిచినవాళ్ళని ఓడించి కూడా ఇంటికి రావడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అటు తర్వాత కొద్దికాలానికి మిక్స్‌డ్ డబుల్స్ సాత్విక్ ఆటలోంచి తప్పుకుంది. సెమీఫైనల్ దాకా తీసుకెళ్ళిన విభాగం అది. రెండు విభాగాలు ఆడే ఆటగాడికి ఒక్కోసారి ఒకే రోజు రెండు మ్యాచ్‌లుంటాయి, రెండు జోడీలతో సాధన ఉంటుంది, పైగా ఆ రెంటినీ మోయాల్సింది ఒక్కటే భుజం. 2022 మేలో థామస్ కప్ మొదటిసారి భారత్‌కి వచ్చింది. ఆ జట్టులో సాత్విక్, చిరాగ్ ఉన్నారు. ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం, అదే నెలలో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం గెలిచారు. 2023లో ఇండోనేషియా ఓపెన్, హాంగ్‌జౌ ఆసియా క్రీడల స్వర్ణం, అక్టోబరులో ప్రపంచ ర్యాంకింగ్‌లో మొదటి స్థానం. ఇవన్నీ ఆ ఒక్క నిర్ణయంతోనే వచ్చాయని నేను అనను. గోపీచంద్ అకాడమీలో 2014 నుంచి పడ్డ కష్టం ఉంది. ఇద్దరూ వెనక కోర్టు నుంచి బాదేవాళ్ళే అయినా కలిపి ఆడించిన మలేషియా కోచ్ టాన్ కిమ్ హెర్ చూపు ఉంది. అమలాపురంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, పద్నాలుగేళ్ళ పిల్లాణ్ణి హైదరాబాద్ పంపిన తండ్రి ఉన్నారు. ఇంతమంది శ్రమ ఒకచోట కూడాలంటే, ఆ కూడే చోటు ఏదో ముందు తేలాలి. మిక్స్‌డ్‌ని వదిలినప్పుడు తేలింది అదే.

2024 జనవరి 9న రాష్ట్రపతి భవన్‌లో ఖేల్‌రత్న అందుకోవాల్సిన రోజున ఈ ఇద్దరూ ఢిల్లీలో లేరు. మలేషియా ఓపెన్ ఆడుతున్నారు. ఆ టోర్నీలో ఫైనల్‌కి వెళ్ళారు కూడా. దేశం ఇచ్చే అతిపెద్ద క్రీడాపురస్కారం పక్కన పెట్టదగ్గదేం కాదు. కానీ అది ఒలింపిక్ ఏడాది. వాళ్ళ వరుస వాళ్ళకి తెలుసు. ఆ ఆగస్టులో పారిస్‌లో క్వార్టర్‌ఫైనల్లో మొదటి గేము గెలిచి, తర్వాతి రెండూ పోగొట్టుకుని ఓడిపోయారు. ఇది కూడా చెప్పి తీరాలి. ముందువరసలో పెట్టినంత మాత్రాన పని నెరవేరి తీరుతుందని ఏ పుస్తకమైనా అంటే దాన్ని నమ్మకండి. ముందువరసలో పెడితే ఆ పనికి మీ పూర్తి బలం అందుతుంది. మాట ఇవ్వగలిగింది అంతవరకే.

ఇక మన జాబితాకి వద్దాం. ఇన్ని మంచిపనుల్లో దేన్ని ఆపాలో ఎలా తెలుస్తుంది? అన్నిటినీ ఆపక్కర్లేదు. కోనసీమ పాఠకుడికి ఇది కొబ్బరితోటతో చెబితే చాలు. తోట వేసేటప్పుడు మొక్కకీ మొక్కకీ 8 మీటర్ల ఎడం ఉంచమంటారు. అలా వేస్తే ఎకరాకి 60 పైచిలుకు మొక్కలు పడతాయి. ఖాళీ చూసి మనసాగక మధ్యలో మరో ఇరవై పాతితే మొదటి నాలుగేళ్ళూ తేడా కనపడదు. మట్టలు ఒకదాన్నొకటి ఒరుసుకునే వయసు వచ్చాక చెట్లు వెలుతురు కోసం పోటీపడి సన్నగా పైకి సాగిపోతాయి, కాపు తగ్గుతుంది. అప్పుడు కొట్టేద్దామంటే కాపుకొచ్చిన చెట్టుని కొట్టడానికి చెయ్యి రాదు. అదే తోటలో చెట్ల కింద కోకో వేయండి, హాయిగా పెరుగుతుంది. దానికి నీడే కావాలి. కొబ్బరికీ కొబ్బరికీ మధ్య పోటీ ఉంది, కొబ్బరికీ కోకోకీ పొత్తు ఉంది.

లక్ష్యాల్లోనూ ఈ రెండు రకాలే. గ్రూప్స్‌కి చదివేవాడు రోజూ ఇంగ్లీషు పేపరు చదివితే అది పరీక్షకి అడ్డం రాదు, సాయపడుతుంది. తెల్లవారుజామున అరగంట నడక చదువుని పాడుచెయ్యదు. ఇవి నీడలో పెరిగే పంటలు, ఉండనివ్వండి. గ్రూప్స్ చదువూ, కొత్తగా పెట్టబోయే మొబైల్ షాపూ మాత్రం ఒకే పొద్దుని అడుగుతాయి. ఇంటి అప్పూ, వైజాగ్ ఫ్లాటూ ఒకే జీతాన్ని అడుగుతాయి. మీ జాబితాలో ఏ రెండు తీసుకున్నా మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇవి ఒకే గంటని అడుగుతున్నాయా, ఒకే రూపాయిని అడుగుతున్నాయా, ఇంట్లో ఒకే మనిషి సాయాన్ని అడుగుతున్నాయా? మూడింటిలో ఏ ఒక్కదానికి అవునని వచ్చినా అక్కడ ఒకటి ముందు, ఒకటి వెనక అని తేల్చక తప్పదు. మూడో ప్రశ్నని చాలామంది మరిచిపోతారు. పిల్లల్ని చూసుకునే అత్తగారు ఒక్కరే. మీ బీఈడీ చదువుకీ మీవారి లారీ వ్యాపారానికీ ఆవిడే ఆధారమైతే, ఆ రెండూ పోటీ లక్ష్యాలే. ఇంట్లో ఎవరూ ఆ పేరు పెట్టి మాట్లాడుకోరు గానీ రోజూ జరిగే గొడవల్లో సగం దాని నుంచే వస్తాయి.

తర్వాత గంటలు లెక్కేయండి. వారానికి 168 గంటలు. నిద్రకి 56 తీసేయండి. రాజోలు నుంచి అమలాపురం వెళ్ళొచ్చే ఉద్యోగికి పనీ ప్రయాణమూ కలిపి 54 అనుకుందాం. వంట, స్నానం, పిల్లలు, బజారు, ఇంటి పనులకి 35. మిగిలేవి 23. ఇందులో పెళ్ళిళ్ళూ, పేరంటాలూ, జ్వరాలూ కూడా సర్దాలి. ఇప్పుడు మీ జాబితాలో ఒక్కో లక్ష్యం పక్కన వారానికి అది అడిగే గంటలు నిజాయతీగా రాసి కూడండి. నలభై దాటడం మామూలే. ఇరవైమూడులో నలభై పట్టదు. ఆ తేడాని పట్టుదలతోనో, తెల్లవారుజామున నాలుగింటికి లేచే శపథంతోనో పూడ్చుకోవచ్చని చెప్పే పుస్తకాలున్నాయి. నిద్ర కోసుకుని గెలిచిన గంటలు నెల తిరక్కుండానే తిరిగి పోతాయి. ఆ పదిహేడు గంటల విలువైన మంచిపనుల్ని పక్కన పెట్టడమే దారి.

పక్కన పెట్టగా మిగిలినదానికి వేళ కూడా కేటాయించాలి. కోటిపల్లి–నర్సాపురం రైలుమార్గం సంగతి కోనసీమలో పిల్లలకి కూడా తెలుసు. 2000లో శంకుస్థాపన జరిగింది. 57 కిలోమీటర్ల దారి, మధ్యలో గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు మూడు దాటాలి. ఆ రైలు వద్దన్నవాళ్ళు ఎవరూ లేరు. అన్ని పార్టీలూ కావాలన్నాయి. పాతికేళ్ళు గడిచినా అమలాపురానికి రైలు రాలేదు. ఏ ఏటికి ఆ ఏడు బడ్జెట్‌లో ఎంత కేటాయించారన్న దాన్నిబట్టే దాని నడక సాగింది. అందరూ కోరుకున్న పనే ఇలా అయితే, మీరొక్కరే కోరుకుంటున్న పనికి వారంలో కేటాయింపు లేకపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా? డైరీలో లక్ష్యం పేరు కాకుండా దానికిచ్చే వేళ రాయండి. "మంగళ, గురు, శని, రాత్రి 8 నుంచి 10" అని రాసినదే లక్ష్యం.

ఇప్పటిదాకా ఒంటరి మనిషి లెక్క చెప్పాను. మన ఇళ్ళలో అసలు ముడి వేరే ఉంది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు గల్ఫ్‌కి మనిషి వెళ్ళని వీధి అరుదు. కువైట్, మస్కట్, దుబాయ్, ఖతార్. ఇళ్ళలో పనికి వెళ్ళిన ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. ఒక తల్లి రెండేళ్ళ వీసా మీద బయలుదేరుతుంది. అప్పు తీర్చి వచ్చేయడం ఒక్కటే అప్పటి లక్ష్యం. అప్పు సగం తీరేసరికి ఇక్కడ ఇంటి శ్లాబు మొదలవుతుంది. శ్లాబు అయ్యేసరికి పెద్దపిల్ల ఇంజనీరింగు, ఆ తర్వాత పెళ్ళి. అన్నీ మంచిపనులే. ఎవరూ ఆవిణ్ణి మోసం చేయలేదు. రెండేళ్ళు పదేళ్ళవుతాయి, చిన్నపిల్లాడు వీడియో కాల్‌లో అమ్మని చూసుకుంటూ మీసాలొచ్చేంత పెద్దవాడవుతాడు. నాకు ఈ పుస్తకంలో అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఆగుతాను.

ఇక్కడ జరిగిన పొరపాటు ఏమిటి? లక్ష్యం ఉంది. కష్టపడే మనిషి ఉంది. డబ్బూ వస్తోంది. లేనిదల్లా ఒకటే, ఎక్కడ ఆగాలో రాసిపెట్టుకున్న గీత. డబ్బు పంపేది ఒకరు, వరుస నిర్ణయించేది మరొకరు. వరుస మారినప్పుడల్లా మూల్యం కట్టేది దూరాన ఉన్న మనిషి. ఆవిడ తిరిగి రావడమన్నది కూడా ఒక లక్ష్యమే కదా, అది జాబితాలో ఎప్పుడూ చివరికే జారుతూ పోతుంది. దానికి బిల్లు లేదు, మేస్త్రి లేడు, కాలేజీ ఫీజు గడువు లేదు. తలుపు తట్టి అడిగేవాళ్ళు లేని లక్ష్యం ఇంట్లో ఎప్పుడూ వెనకబడుతుంది. ఆరోగ్యం, దాంపత్యం, పిల్లలతో గడపడం, అన్నీ ఈ కోవలోవే.

కాబట్టి ఎవరైనా ఊరు దాటే ముందు, గల్ఫ్‌కే కానక్కర్లేదు, హైదరాబాద్ ఉద్యోగానికైనా సరే, ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక కాగితం రాసుకోండి. అప్పు మొత్తం ఎంత, నెలకి ఎంత తీర్చాలి, ఏ నెలకి తీరుతుంది. అది తీరేదాకా కొత్త ఖర్చు మొదలుపెట్టకూడదని రాయండి. రెండో పని ఏదో, దానికి ఎంతో, అంకె వేసి రాయండి. "ఇల్లు" అని రాస్తే అంతు ఉండదు. "రెండు గదులు, శ్లాబు, గచ్చు, రంగులు తర్వాత" అని రాస్తే ఒక చోట ఆగుతుంది. చివర్లో తిరిగొచ్చే నెల, సంవత్సరం రాయండి. ఆ కాగితం వెళ్ళేవాళ్ళ దగ్గర ఒకటి, ఇంట్లో ఒకటి ఉండాలి. వరుస మార్చాలంటే ఫోనులో ఇద్దరూ ఒప్పుకోవాలి, ఒప్పుకున్నాక తిరిగొచ్చే నెల కొత్తది ఎంతో అప్పటికప్పుడే దిద్దాలి. ఈ దిద్దడమే కీలకం. "పిల్లది చదువుకుంటానంటోంది" అన్నప్పుడు ఎవరూ కాదనరు. "అంటే నేను మరో రెండేళ్ళు ఇక్కడే ఉండాలి, సరేనా?" అని కాగితం మీద చూసినప్పుడు ఇంట్లోవాళ్ళు బ్యాంకు విద్యారుణం గురించి ఆలోచించడం మొదలుపెడతారు.

వరుస ముందే తేల్చుకుంటే ఏం లాభమో తెలియాలంటే గన్నవరం డొక్కా సీతమ్మగారిని తలుచుకోవాలి. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఈ మహాఇల్లాలిని కోనసీమ అపర అన్నపూర్ణ అంటుంది. వైనతేయ మీద గన్నవరం దగ్గర కట్టిన కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆ పేరే పెట్టింది. లంకల్లో పడవలు దాటి వచ్చే బాటసారులకి వేళాపాళా లేకుండా వండి పెట్టడం ఆవిడ జీవితమంతా చేసిన పని. ఆవిడకీ ఒక కోరిక ఉండేదట, అంతర్వేది నరసింహస్వామి కల్యాణం కళ్ళారా చూడాలని. ఎన్నో ఏళ్ళకి కుదిరి పల్లకీలో బయలుదేరారు. దారిలో ఒకచోట బోయీలు అలుపు తీర్చుకుంటుంటే, పక్కన ఆగిన మరో బాటసారుల గుంపులో పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. కాసేపట్లో సీతమ్మగారి ఇల్లు వచ్చేస్తుంది, అక్కడ అన్నం పెడతారని పెద్దవాళ్ళు ఊరుకోబెడుతున్నారు. ఆ మాట చెవిన పడగానే ఆవిడ పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్ళకంటే ముందే ఇల్లు చేరి పొయ్యి రాజేశారని చెప్పుకుంటారు. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి పిలుపు వచ్చినా గుమ్మం వదలలేదనీ, చివరికి ఫోటో పంపడానికి మాత్రమే ఒప్పుకున్నారనీ కథ ఉంది.

ఈ కథ వినగానే ఎవరికైనా త్యాగం కనిపిస్తుంది. నాకు ఇందులో అంతకంటే పనికొచ్చే సంగతి ఒకటి కనిపిస్తుంది. ఆ దారి పక్కన సీతమ్మగారు తర్జనభర్జన పడినట్టు ఎవరూ చెప్పరు. దైవదర్శనం ముఖ్యమా, అన్నం ముఖ్యమా అని అక్కడ కూర్చుని తూచాల్సిన అవసరం ఆవిడకి లేదు. ఆ తూకం చాలా ఏళ్ళ కిందటే అయిపోయింది. వరుస తేలని మనిషికి అలాంటి ప్రతి సందర్భమూ కొత్త పరీక్షే. ఎటు వెళ్ళినా వదిలేసిన దాని గురించి బాధ మిగులుతుంది. పైగా ఆవిడ వెనక పొలం పంటా, భర్త జోగన్నగారి సమ్మతీ ఉన్నాయి. ఇంటివాళ్ళు ఒప్పుకోని లక్ష్యాన్ని రోజుకి పదిసార్లు కాపు కాయాలి, ఎంత గట్టి మనిషైనా ఆ కాపలాతోనే అలిసిపోతాడు.

అందుకే మీ మొదటి లక్ష్యం కింద రెండు వాక్యాలు రాయమంటాను. ఏం జరిగితే మిగతావన్నీ ఆపి దీని దగ్గరికి తిరిగొస్తాను? ఏం జరిగితే దీన్నే ఆపుతాను? రెండోదానికి జవాబు తప్పక ఉండాలి. అమ్మకి ఆపరేషన్ అయితే గ్రూప్స్ ఆరునెలలు ఆపుతాను అని ముందే రాసుకున్నవాడు, ఆ రోజు వచ్చినప్పుడు ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని తనని తాను తిట్టుకోడు.

ఇక మీరు పక్కన పెట్టిన మంచిపనులు. వాటిని కాగితం మీద కొట్టేసి ఊరుకుంటే చాలదు. వాటి వెనక మనుషులుంటారు, వాళ్ళకి చెప్పాలి. "అమ్మా, ఈ ఏడు శ్లాబు వేయలేను. అప్పు తీరాక వచ్చే మాఘంలో మొదలుపెడదాం" అన్న మాట నోరు తెరిచి అనడం గంటల లెక్క వేయడం కంటే కష్టం. అనకపోతే ఆవిడ నెలనెలా ఎదురుచూస్తుంది, మీరు నెలనెలా తప్పించుకుంటారు. ఎప్పుడు మళ్ళీ చూస్తారో నెల చెప్పి మరీ చెప్పండి, చెప్పిన నెలకి మీరే ఆ మాట ఎత్తండి.

దీనికి మన దగ్గర మంచి అదను సంక్రాంతి. బెంగళూరు నుంచీ హైదరాబాద్ నుంచీ అందరూ ఇంటికి వచ్చి ఉంటారు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభలతీర్థం చూసి వచ్చాక, మర్నాడు ఎవరి బస్సులు వాళ్ళు ఎక్కేలోపు ఒక గంట తీసి కిందటేటి కాగితం బయటపెట్టండి. మొదటి లక్ష్యానికి అనుకున్న గంటలూ రూపాయలూ నిజంగా అందాయా చూడండి. పక్కన పెట్టినవాటిలో ఇప్పుడు దేనికి చోటు కుదురుతుందో చూడండి. ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడేవాళ్ళు ఎవరో వాళ్ళని ముందు అడగండి.